పోలీసు నోట్‌లో ఒక పేరు, తోటివాళ్లు పిలిచేది ఇంకో పేరు: ట్రాన్స్‌జెండర్ల వార్తల్ని ఎలా దిద్దాలి?

రాత్రిడెస్క్:

ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో, అంటే విలేకరులు పంపిన కాపీలు దిద్దే చోట పనిచేస్తున్నాను. ఈ మధ్య ఒక రాత్రి కంట్రిబ్యూటర్ నుంచి యాక్సిడెంట్ వార్త వచ్చింది. హైవే మీద ఆటోను లారీ ఢీకొని ఇద్దరు చనిపోయారు. ఒకరు ఆటో డ్రైవరు, రెండోవారు ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా స్త్రీగా బతికిన మనిషి. పోలీసుల ప్రెస్ నోట్‌లో ఆమెకు మగ పేరు రాసి, పక్కన ‘అలియాస్’ అని అమ్మాయి పేరు పెట్టారు. కంట్రిబ్యూటర్ పంపిన హెడ్డింగ్ ‘లారీ ఢీకొని హిజ్రా దుర్మరణం’. చనిపోయిన ఆటో డ్రైవరు హెడ్డింగులోకే రాలేదు. కాపీ మొదటి పేరాలో ‘మృతుడు’, మూడో పేరాలో ‘ఆమె’, చివర ‘మృతదేహాన్ని అతని బంధువులకు అప్పగించారు’.

పేజీ వదిలే టైం దగ్గరపడింది. హెడ్డింగును ‘ఆటోను ఢీకొన్న లారీ.. ఇద్దరి మృతి’ అని మార్చాను. ఆమె బతికిన పేరే ఉంచి పాత పేరు తీసేశాను. మర్నాడు ఇన్‌చార్జి గారు పిలిచి, రికార్డులో ఉన్న పేరును నువ్వెలా తీసేస్తావని అడిగారు. చేసింది సరైన పనేనని నా నమ్మకం. కానీ నిలబడి వాదించడానికి చేతిలో ఏదైనా ఉండాలి కదా. మా స్టైల్ బుక్‌లో (పత్రిక రాతకు పెట్టుకున్న నియమాల పుస్తకం) ఒత్తులు, సున్నాలు, అంకెలు ఎలా వేయాలో వివరంగా ఉంది. ఈ విషయం మీద ఒక్క వాక్యం లేదు. ఇక్కడ విలేకరులున్నారు, లాయర్లున్నారు, ట్రాన్స్ మిత్రులున్నారు. మీరంతా ఏమంటారు?

ఎరుపుగాజులు:

ముందుగా, ఆ పేరు ఉంచినందుకు మీకు దండం అండి. నేను ట్రాన్స్ మహిళను. మా వాళ్లలో ఎవరైనా పోయినప్పుడు మేం ఏడుస్తూనే పొద్దున్నే పేపరు తిప్పుతాం, ఇవాళ ఏ పేరు వేశారో చూద్దామని. పదేళ్లు, పదిహేనేళ్లు ఒక పేరుతో బతికి, ఆ పేరుతోనే అద్దె కట్టి, ఆ పేరుతోనే పదిమందికి అన్నం పెట్టిన మనిషిని, చనిపోయిన మర్నాడు పేపర్లో వేరే మనిషిగా చూడటం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను.

‘అలియాస్’ సంగతికొస్తే, మన పేపర్లలో ఆ మాట ఎక్కువగా ఎవరి పేర్ల పక్కన కనబడుతుందో మీకు తెలుసు. రౌడీషీటర్లు, దొంగలు, అజ్ఞాతంలో ఉన్నవాళ్లు. యాక్సిడెంట్లో చనిపోయిన మనిషి పేరు పక్కన ఆ మాట పడిందంటే, ఆమె ఏదో దాచిపెట్టి తిరిగిందని చదివేవాళ్లకు అనిపిస్తుంది.

హెడ్డింగు గురించి మీరు చేసిన మార్పే నా సమాధానం. లారీ ఢీకొనడానికి, ఆమె ట్రాన్స్ కావడానికి సంబంధం లేదు. లోపల ఒక వాక్యంలో కూడా అవసరం లేదనే నేనంటాను. కానీ చూపునకు వచ్చిన తోటివాళ్లు ‘మా మనిషి అని రాయండి’ అని కోరితే రాయండి. అడిగితేనే కదా తెలిసేది. సమస్యంతా ఎవరూ అడగకపోవడంలో ఉంది. ఎస్సైని అడుగుతారు, ఆసుపత్రి ఔట్‌పోస్టులో అడుగుతారు. మార్చురీ బయట కూర్చున్న మా వాళ్ల దగ్గరకు ఒక్కరూ వచ్చి ‘అమ్మా, ఆమెను ఏమని పిలిచేవారు?’ అని అడగరు.

మండల_విలేకరి:

అక్కా, మీ బాధ నాకు అర్థమైతది. కానీ ఫీల్డుల మా పరిస్థితి గూడ జర చూడాలె. ఎస్సై సారు నోట్ వాట్సాప్ గ్రూపుల ఏస్తడు. పది నిమిషాలల్ల అందరం ఆఫీసులకు పంపాలె. నోట్‌ల ఉన్న పేరుకు, నేను పంపిన పేరుకు తేడా ఉంటే డెస్కు నుంచి ఫోనొస్తది: ‘పక్క పేపరోళ్లు వేరే పేరేసిండ్రు, నువ్వెట్ల తప్పు రాసినవ్?’ అని. నౌకరీ పోయేది మాది.

ఇంకోటి. ఊర్ల అమ్మానాయనలకు ఆ పాత పేరే తెలుసు. వాళ్లు పేపర్ల చూసి గుర్తుపట్టాలంటే ఎట్ల? ఎక్స్‌గ్రేషియా కోసం పేపరు కటింగ్ పట్టుకొని ఆఫీసులకు తిరిగేటోళ్లు గూడ ఉంటరు. ఇవి నిజమైన ఇబ్బందులు, కొట్టిపారేయకుండ్రి.

కోర్టుమెట్లు:

విలేకరి గారు అడిగినవి అడగాల్సినవే. ఒక్కొక్కటిగా చెప్తాను.

ఎక్స్‌గ్రేషియాకూ ఇన్సూరెన్సుకూ కావాల్సింది ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం. పేపరు కటింగ్‌లో ఏ పేరుందో దాన్నిబట్టి ఎవరి క్లెయిమూ ఆగదు. కుటుంబానికి సమాచారం చేరవేయడం పోలీసుల పని, వాళ్ల దగ్గర రెండు పేర్లూ ఉన్నాయి. మృతదేహం ఎవరిదో తెలియక, బంధువుల కోసం ప్రకటన ఇస్తే మాత్రం అది వేరే సందర్భం. అప్పుడు రెండు పేర్లూ వేయడానికి కారణం ఉంది. ఎవరో తెలిసిపోయాక ఆ కారణం ఉండదు.

ఇక రాత్రిడెస్క్ గారు తమ ఇన్‌చార్జికి చూపించాల్సింది నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ ధర్మాసనం ఇచ్చింది. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, దానికి శస్త్రచికిత్స షరతు పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. పోలీసు నోట్‌లో ఉన్న పేరునే పత్రిక అచ్చువేసి తీరాలని చెప్పే చట్టం ఏదీ లేదు. ప్రెస్ నోట్ మనకు సమాచారం ఇచ్చే కాగితం, అంతవరకే.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. ట్రాన్స్ మహిళ లైంగిక దాడికి గురైన కేసుల్లో కొందరు విలేకరులు పాత పేరు, కొత్త పేరు, ఉండే వీధి, గురువు పేరు అన్నీ రాసేస్తున్నారు. బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పేరు మార్చి రాసినా, మిగతా వివరాలను బట్టి నలుగురూ గుర్తుపడితే బయటపెట్టినట్టే. పిల్లల విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23, జువెనైల్ జస్టిస్ చట్టం 74 సెక్షన్లు ఇంకా కఠినంగా ఉన్నాయి. బళ్లో తోటిపిల్లలు వేధించిన ఒక విద్యార్థి వార్తలో స్కూలు పేరు, తరగతి, తండ్రి చేసే పని వేశాక ఇక దాచింది ఏముంది?

నిజంనిప్పు:

నాకు వేరే అభిప్రాయం ఉంది, చెప్పనివ్వండి. విలేకరి పని జరిగింది జరిగినట్టు రాయడం. ఒక వ్యక్తి పుట్టుకతో మగవాడు అనేది వాస్తవం. ఆ వాస్తవాన్ని దాచి రాస్తే రేపు పాఠకుడు మనల్ని నమ్ముతాడా? ఎవరి మనసూ నొప్పించకూడదని రాయడం మొదలుపెడితే అది వార్త కాదు. గౌరవం ఇవ్వాలి, కాదనను. వాస్తవాన్ని తీసేసి ఇవ్వాలా?

పాతకాపీ:

నిజంనిప్పు గారూ, డెస్కుల మీదే జీవితం గడిపి రిటైరైనవాణ్ని. మీ మాటకు నా అనుభవం నుంచి జవాబు చెప్తాను.

మన చేతికొచ్చిన ప్రతి వాస్తవాన్నీ మనం అచ్చువేయం. ప్రమాదంలో పోయినాయనకు షుగరుందా, రెండో పెళ్లి చేసుకున్నాడా, పదో తరగతి తప్పాడా అన్నవి కూడా వాస్తవాలే. వార్తకు అక్కర్లేదు కాబట్టి రాయం. అలా వదిలేసినంత మాత్రాన పాఠకుడు మనల్ని అబద్ధాలకోరు అనలేదు. మరి ఒక ట్రాన్స్ మనిషి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పుట్టుక, పాత పేరు, ఆపరేషన్ అయిందా లేదా అన్నవి ముందు వరసలోకి ఎందుకొస్తున్నాయి? వార్తకు కావాలనా, చూసేవాళ్ల కుతూహలం తీర్చడానికా? డెస్కులో కూర్చున్న మనిషి తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

అవసరమైన చోట తప్పకుండా రాయాలి. ఒక ట్రాన్స్ మహిళకు ఆసుపత్రిలో ఏ వార్డులోనూ మంచం ఇవ్వలేదంటే, ఆమె ట్రాన్స్ అన్నదే ఆ వార్త. అక్కడ దాస్తే వార్తే పోతుంది. సర్టిఫికెట్ల మీద పాత పేరుండటం వల్ల ఉద్యోగం రాలేదంటే, పాత పేరున్నదన్న సంగతి రాయాలి. ఆ పేరేమిటో అప్పుడు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు భాష గురించి. రాత్రిడెస్క్ గారి కాపీలో ‘మృతుడు’, ‘ఆమె’, ‘అతని’ అన్నీ కలిసిపోయాయన్నారే, ఇంగ్లిషు స్టైల్ బుక్కులు చూసి దిద్దితే అది తీరదు. వాళ్లకు సర్వనామం ఒక్కటే తంటా. మనకు క్రియలోనే స్త్రీ పురుష భేదం కూర్చుని ఉంటుంది. వచ్చాడు, వచ్చింది. సర్వనామం మార్చి క్రియ మార్చడం మరిచిపోతే ‘ఆమె చెప్పాడు’ అని అచ్చవుతుంది, నేను చూశాను. పైగా ఏకవచనంలో ‘వచ్చింది’ అంటే స్త్రీకీ అదే, ఆవుకీ అదే. క్రైం పేజీలో ఆడవాళ్లందరినీ అలా రాయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ట్రాన్స్ మహిళ విషయంలో అది ఇంకా చులకనగా పడుతుంది.

మనకు తేలిక దారి ఒకటుంది. గౌరవ బహువచనం. ‘ఆమె వచ్చారు, ఆమె చెప్పారు.’ ట్రాన్స్ పురుషుడైతే ‘ఆయన వచ్చారు’. తనను స్త్రీ, పురుషుడు అని రెండిట్లో దేనిలోనూ చేర్చవద్దని కోరిన నాన్‌బైనరీ మనిషికి ‘వారు’, లేదంటే పేరే మళ్లీ రాసి ‘అన్నారు’. ‘తాను’, ‘తన’ మనకు ఎటూ ఉన్నాయి. వాక్యాన్ని కొంచెం తిప్పి రాసుకుంటే సర్వనామమే అక్కర్లేకుండా పోతుంది. నిందితులకు ఏకవచనం వాడే పత్రికలు ట్రాన్స్ నిందితులకూ అదే వాడుకోవచ్చు. కాకపోతే ట్రాన్స్ మహిళ నిందితురాలే అవుతుంది, నిందితుడు కాదు. కేసు పెట్టినంత మాత్రాన ఆమె ఎవరన్నది మారిపోదు.

మండల_విలేకరి:

ఈ ముచ్చట పనికొచ్చేటట్టుంది సార్. ‘మృతుడు’, ‘మృతురాలు’ కాడ ఏం రాయాలి?

పాతకాపీ:

ట్రాన్స్ మహిళ అయితే మృతురాలు. సంకోచముంటే ‘మరణించినవారు’, ‘చనిపోయిన ఇద్దరు’. పేరు రాస్తే ఈ ప్రశ్నే రాదు.

మండల_విలేకరి:

సరే. ఇంకొక్కటి అడుగుత, కోపం తెచ్చుకోకుండ్రి. టోల్‌గేట్ కాడ, ఫంక్షన్ హాళ్ల కాడ బెదిరించి పైసలు వసూలు చేసే గుంపులున్నయి. పెండ్లోళ్లు ఏడ్సుకుంట మాకు ఫోన్ చేస్తరు. అది గూడ రాయొద్దా?

ఎరుపుగాజులు:

రాయండి తమ్ముడూ. తప్పు చేస్తే రాయాల్సిందే. ఎలా రాస్తున్నారన్నదే నా గొడవ.

ఫంక్షన్ హాల్లో నలుగురు వచ్చి డబ్బు కోసం బెదిరించారు, పెళ్లివారు ఫిర్యాదు చేశారు, ఫలానా స్టేషన్లో ఫలానా సెక్షన్ కింద కేసు పెట్టారు. ఇది వార్త. దానికి మీ పేపర్లు పెట్టే హెడ్డింగ్ ‘హిజ్రాల ఆగడాలు’, ‘హిజ్రాల హల్‌చల్’, ‘హిజ్రాల వీరంగం’. చేసింది నలుగురు. హెడ్డింగులో రాష్ట్రంలో ఉన్న మేమందరం వచ్చేశాం. మర్నాడు ఉదయం బస్సెక్కితే పక్క సీటులో ఆవిడ లేచి వెళ్లిపోతుంది. నేనెవరో ఆవిడకు తెలియదు, ఆ హెడ్డింగు తెలుసు.

ఈ సంగతి కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. దాని రెండో భాగం మా గురించే. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం పేరుతో మావాళ్ల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కించారు. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో అలాంటిదే ఇంకో చట్టం వచ్చింది. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని బయట కనిపిస్తే, నలుగురిలో పాడినా ఆడినా, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఆ చట్టం పుస్తకాల్లో ఎప్పటిదాకా ఉందో తెలుసా? వైజయంతి వసంత మొగిలి గారు వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా. నూరేళ్లకు పైనే.

చట్టం పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న మాట పోయిందా? 2018 మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్ పుకార్లు నమ్మి గుంపు ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. ఆమె ఎవరి పిల్లల్నీ ఎత్తుకుపోలేదు. ఆ పుకార్లు గాల్లోంచి పుట్టలేదు తమ్ముడూ. ఏళ్ల తరబడి ఒకే రకం వార్తలు చదివి చదివి జనం మనసులో మా గురించి ఒక బొమ్మ గీసుకుని ఉన్నారు. పుకారు వచ్చి ఆ బొమ్మ మీద కూర్చుంది.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఆ నలుగురి గురించి రాసేటప్పుడు ఆ నలుగురి గురించే రాయండి. వాళ్ల మాట కూడా అడగండి. వేరే ఎవరో నలుగురు యువకులు అదే పని చేస్తే ‘యువకుల ఆగడాలు’ అంటారేమో గానీ, వాళ్ల కులం, మతం హెడ్డింగులో పెట్టరు కదా.

ఇంకా ‘నకిలీ హిజ్రా’ వీడియోలు. నడిరోడ్డు మీద ఒక మనిషిని పట్టుకుని బట్టలు లాగి ‘అసలా, నకిలీయా’ అని చూపించడం, దాన్ని చానళ్లు ముఖం కూడా మసకచేయకుండా తిప్పితిప్పి వేయడం. అది దాడి. వార్త రాయాలంటే దాడి చేసినవాళ్ల మీద రాయాలి.

మండల_విలేకరి:

చాంద్రాయణగుట్ట ముచ్చట నాకు యాదికుంది. ఆ వారం మా మండలంల గూడ గసొంటి పుకార్లే నడిచినయి. హెడ్డింగుల సంగతి మా బ్యూరోల మాట్లాడుత అక్కా.

కెమెరాకన్ను:

టీవీ వైపు నుంచి చెప్తాను. అక్షరాల కంటే విజువల్స్ చేసే హాని ఎక్కువ. ట్రాన్స్‌జెండర్లకు సంబంధించిన ఏ వార్త వచ్చినా, కోర్టు తీర్పు అయినా పెన్షన్ అయినా, లైబ్రరీలోంచి తీసేవి ఒకే విజువల్స్. సిగ్నల్ దగ్గర చప్పట్లు, కారు అద్దం మీద చేయి, మేకప్ చేసుకుంటున్న ముఖం క్లోజప్. ఆ ఫుటేజిలో ఉన్న మనుషుల్ని ఎవరూ అడగలేదు. ఎప్పుడో తీసింది, ఏళ్ల తర్వాత ఏదో హత్య కేసు వార్త వెనకాల తిరుగుతుంటుంది. చూసినవాళ్లు ఆ కేసులో ఉన్నది వాళ్లేనని అనుకుంటారు.

ఇంటర్వ్యూకి వెళ్తే కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి పాన్ చేయడం, ఛాతీ దగ్గర ఆపడం, ‘నాడు–నేడు’ అని చిన్నప్పటి ఫొటో పక్కన పెట్టడం. సింపుల్‌గా మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి, మాట్లాడుతుంటే షూట్ చేస్తే చాలు. ఆమె కుట్టుపని చేస్తుంటే కుట్టుపని విజువల్స్, లాయరైతే కోర్టు విజువల్స్.

మన తెలుగు టీవీలో ఒక పాఠం ఇప్పటికే ఉంది. 2011 ఫిబ్రవరిలో టీవీ9 హైదరాబాద్‌లో గే సంస్కృతి అంటూ స్టింగ్ చేసి, ఒక వెబ్‌సైట్లో ఉన్న మగవాళ్ల ముఖాలు, ఫోన్ సంభాషణలు ప్రసారం చేసింది. వార్తా చానళ్లు తమకోసం పెట్టుకున్న నియంత్రణ సంస్థ న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ లక్ష రూపాయల జరిమానా వేసి, తెర మీద క్షమాపణ చెప్పమని ఆదేశించింది. అది ట్రాన్స్ వార్త కాకపోయినా సూత్రం అదే. ఒక మనిషి జీవితంలో తాను చెప్పుకోని సంగతిని మనం బయటపెట్టడానికి వీల్లేదు. ఇవాళ యూట్యూబ్ చానళ్లకు ఈ ఆదేశం గురించి తెలిసినట్టే కనబడదు. థంబ్‌నైళ్లు చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

కొడుకుతండ్రి:

ఎప్పుడూ చదవడమే గానీ ఇక్కడ రాయను. ఇవాళ రాయాలనిపించింది.

మా అబ్బాయి ట్రాన్స్. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించాం. పాలిటెక్నిక్‌లో వాడు చేసిన ఒక నమూనా యంత్రానికి బహుమతి వచ్చింది. ఊళ్లో విలేకరి ఇంటికొచ్చాడు. మా వాడు గంటసేపు కూర్చుని మోటారు ఎలా తిరుగుతుంది, నీళ్లు ఎంత ఆదా అవుతాయి అని చెప్పాడు. ఆ విలేకరి తలూపాడు, ఫొటో తీసుకున్నాడు. మర్నాడు పేపర్లో ‘నాడు అమ్మాయి.. నేడు అబ్బాయి’. యంత్రం గురించి రెండు లైన్లు. చిన్నప్పుడు రెండు జడలతో ఉన్న ఫొటో మా బంధువుల దగ్గర తీసుకుని వేశారు. అందులో వాడి పాత పేరు, కాలేజీ, మా వీధి. వాడి క్లాసులో సగంమందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

తర్వాత చానళ్ల వాళ్లు ఫోన్లు. ఆపరేషన్ ఎక్కడ చేయించారు, ఎంతయింది, పెళ్లి చేస్తారా అని. నా కొడుకు అప్పటినుంచి ఎవరికీ ఫొటో ఇవ్వడు. వాడికి వచ్చిన బహుమతి గురించి ఇంట్లో మాట్లాడుకోవడమే మానేశాం. ట్రాన్స్ అంటే మగవాళ్లు ఆడవాళ్లుగా మారడమే అని రాసేవాళ్లు కూడా అనుకుంటున్నారు. మా వాడిలాంటి పిల్లలు ఉన్నారని వాళ్లకు తెలిసేది ఇలా ముక్కలు చేయడానికేనా?

జర్నలిజం_రెండోసంవత్సరం:

బాబాయి గారూ, మీరు రాసింది చదివాక చాలాసేపు ఏం టైప్ చేయాలో తెలియలేదు. మీ అబ్బాయికి ఆ బహుమతి వచ్చినందుకు నా అభినందనలు చెప్పండి.

మా కాలేజీలో విద్యార్థులం నడిపే ల్యాబ్ జర్నల్ కోసం ఒక ట్రాన్స్ మహిళను ఇంటర్వ్యూ చేయబోతున్నాను. ఆమె నర్సు. ఏం అడగాలి, ఏం అడగకూడదు? ‘తొలి ట్రాన్స్‌జెండర్’ అన్న కోణంలో రాయమన్నారు మా సార్.

ఎరుపుగాజులు:

నర్సును ఏం అడుగుతావో అదే అడుగు చెల్లీ. నైట్ డ్యూటీలు, పేషెంట్లు, జీతం, ఎందుకు ఈ పనిలోకి వచ్చింది. ఆమె ట్రాన్స్ కావడం వల్ల ఆ పనిలో ఏదైనా తేడా ఉంటే తనే చెప్తుంది. ‘మీరు ఎంతవరకు చెప్పాలనుకుంటున్నారు?’ అని మొదట్లోనే అడిగి, ఆ గీత దాటకు. శరీరం గురించి, ఆపరేషన్ గురించి వద్దు. ఆమె వైద్యం గురించే వార్త అయితే తప్ప, ఎవరికీ అది తెలియాల్సిన పని లేదు. ‘మీరు ఎప్పుడు మారారు?’ అని అడగకు. చాలామందికి తాము మారినట్టే ఉండదు, మొదటినుంచీ అదే.

ఇంకా, ‘హిజ్రా’ అని నీ అంతట నువ్వు రాయకు. గురువు, చేలా (శిష్యురాలు), జమాత్ (సమూహం) ఉన్న జీవితం అది, అందులో ఉన్నవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ జీవితంలో లేని ట్రాన్స్ మహిళలు ఎంతోమంది. దేవతల సేవకు అంకితమైన శివసత్తులు, జోగప్పలు వేరే. ఇంటర్‌సెక్స్ అంటే శరీర లక్షణాల సంగతి, అది ఇంకా వేరు. ఆమె తనను ఏమని చెప్పుకుంటుందో అదే రాయి.

పాతకాపీ:

‘తొలి’ కథల గురించి నేనొక మాట. 2022లో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరినప్పుడు అన్ని పత్రికలూ రాశాయి. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నప్పుడూ అంతే. మంచి వార్తలు, రాయాల్సినవే. కానీ ఆర్నెల్ల తర్వాత వెళ్లి, అద్దెకు ఇల్లు దొరికిందా, జీతం వేళకు పడుతోందా, ఎండలో నిలబడే చోట మరుగుదొడ్డి ఉందా అని అడిగినవాళ్లెందరు? తొలి రోజు పూలదండతో ఫొటో తీయడం తేలిక. రెండోసారి వెళ్లడమే విలేకరితనం. అమ్మా, నీ వ్యాసంలో వీలైతే ఆ రెండో వార్త రాయి.

అంకెలు వాడితే జాగ్రత్త. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’ 43,769 మంది, దేశమంతా 4.88 లక్షలు. దాన్ని ‘రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లు ఇంతమంది’ అని రాసేస్తుంటారు. ‘ఇతరులు’ గడిలో తమను రాయించుకున్నవాళ్ల లెక్క అది. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు, స్త్రీ అనో పురుషుడు అనో రాయించుకున్న ట్రాన్స్ మనుషులు అందులో లేరు. లెక్క వేసినా ఆ మాట కూడా పక్కనే రాయాలి.

కోర్టుమెట్లు:

ఆత్మహత్య వార్తల గురించి ఎవరూ ఎత్తలేదు. పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. హెడ్డింగులో ఆ మాట పెట్టి సంచలనం చేయొద్దు, ఎలా చేశారో వివరించొద్దు, ఫొటోలు వేయొద్దు. ట్రాన్స్ మనిషి చనిపోతే వీటికి తోడు ‘ట్రాన్స్ కావడం వల్లే’ అని తేల్చేయడం చూస్తుంటాం. ఇంట్లోంచి గెంటేశారా, ఉద్యోగంలోంచి తీసేశారా, పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదా అన్నది కనుక్కోకుండా తేల్చకూడదు. సాయం అందించే హెల్ప్‌లైన్ నంబరు వార్త కింద తప్పనిసరిగా వేయండి.

నిజంనిప్పు:

నేను పైన అడిగినదానికి పాతకాపీ గారి జవాబు ఆలోచించదగ్గదే. పూర్తిగా ఒప్పుకోను. నేరం చేసి పారిపోయినవాళ్ల కోసం పోలీసులు వెతుకుతున్నప్పుడు పాత పేరు, పాత ఫొటో కూడా వేయాల్సి వస్తుంది. అక్కడ ప్రజల భద్రత ముందు. కానీ ఆ బాబాయి గారి అబ్బాయి విషయంలో జరిగింది మాత్రం అన్యాయం. అందులో నాకు రెండో మాట లేదు.

రాత్రిడెస్క్:

మీరు చెప్పిన పరారీ సందర్భం ఒప్పుకుంటాను. పట్టుబడ్డాక మళ్లీ ఆ పాత పేరు లాగకుండా ఉంటే చాలు.

కొడుకుతండ్రి గారూ, ఆ వార్త ఇంకా నెట్‌లో ఉందా? పత్రిక వెబ్‌సైట్, ఈ-పేపర్, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ వేరువేరు చేతుల్లో ఉంటాయి. ఒక చోట తీసేస్తే మిగతాచోట్ల పోదు. వెబ్‌సైట్లో పేరు, ఫొటో మార్చడం ఎడిటర్ ఒప్పుకుంటే నిమిషాల పని. ఈ-పేపర్ పేజీలో ఆ ముక్కను మసకచేయమని అడగవచ్చు.

కొడుకుతండ్రి:

ఉందండి. వాడి పేరు కొట్టి వెతికితే మొదట అదే వస్తుంది. ఈ ఏడాది వాడు ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నాడు. అందుకే నాకు భయం.

కోర్టుమెట్లు:

ముందు ఎడిటర్‌కు రాతపూర్వకంగా రాయండి, రిజిస్టర్డ్ పోస్టులోనూ మెయిల్లోనూ. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రికలో వచ్చినదానికి అచ్చయిన రెండు నెలల్లోపు చేయాలన్న నిబంధన ఉంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కౌన్సిల్ సడలించవచ్చు. గడువు దాటిందని ఊరుకోకండి, ఎడిటర్‌కు రాసే ఉత్తరానికి గడువేమీ లేదు. గోప్యత హక్కు ఆధారంగా నోటీసు కావాలంటే నేను రాసి ఇస్తాను, ఫీజు అక్కర్లేదు. ఒక్కటే షరతు. ఉత్తరం మీ అబ్బాయి పేరుతో, ఆయన సంతకంతో వెళ్లాలి. ఆయనకు ఇష్టమైతేనే.

కొడుకుతండ్రి:

రాత్రి వాడు ఇంటికొచ్చాక ఈ చర్చంతా చూపిస్తాను. సరేనంటే మీకు రాస్తాను.

రాత్రిడెస్క్:

ఉత్తరంలో ఏ లైన్లు తీయాలో, ఏ ఫొటో తీయాలో, ఏ పేరు ఉండాలో, ఆ మూడూ లింకులతో స్పష్టంగా రాయండి. ఎందుకో వివరించాల్సిన పని లేదు. యంత్రం గురించిన రెండు లైన్లు, బహుమతి సంగతి మాత్రం ఉంచమనండి.